శుక్రవారం వెండి

కమలాక్షమ్మకు శుక్రవారమంటే శుక్రవారమే. ఆ రోజు ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా గడప దాటనివ్వదు. అలాంటి మనిషికి తొంభై ఆరులో, నంద్యాల ఆస్పత్రిలో, సరిగ్గా శుక్రవారం పొద్దునే డాక్టరు చెప్పాడు, రేపే ఆపరేషన్ అని, ఆలస్యమైతే మనిషి దక్కడని, సాయంత్రంలోగా డబ్బు చూసుకోవాలని. మంచం మీద భర్త రంగయ్య కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు.

ఉన్నపళంగా బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, మామగారి నాటి వెండి సంచిలో వేసుకొచ్చింది. పళ్లేలు, గ్లాసులు, రెండు పొడుగాటి స్తంభాలు. నంద్యాలలో ఉన్న ఒక తెల్ల దొరసాని ఊరు విడిచిపోతూ అమ్మితే ఆయన కొన్నాడట. ఆ స్తంభాల నెత్తిన ఇంత గుంత. కార్తీకంలో అందులో నూనె పోస్తే వత్తి నిలవదు, నూనె చేతి మీదికే కారుతుంది. "ఏం దొరసానో ఏమో, చెంచాడు నూనె పట్టని దీపం చేయించుకునింది!" అని ఏటా తిట్టేది. తిడుతూనే బొట్టు పెట్టేది.

బజారులో వెండి అంగడాయన అన్నీ కరిగించేస్తానన్నాడు. సరేననబోయి కమలాక్షమ్మ సంచి వెనక్కి లాక్కుంది. వెండి ఇల్లు దాటింది గానీ ఇంకా చెయ్యి దాటలేదు. శుక్రవారం దీపం చేతులు మారిస్తే ఇంటి దీపం గతేమిటి? ఆ దీపం ఆస్పత్రి మంచం మీదే ఉందాయె! వార్డు వరండాలో కూలబడి బావురుమంది.

నర్సు కృపావరం పరుగున వచ్చింది. "ఏందక్కా, ఏమాయ?" అని అడిగి, సంగతంతా విని, సంచి విప్పి చూసి పక్కున నవ్వింది.

"దీంట్లో నూనె పోస్తాండావా? కొవ్వొత్తి పెట్టేదక్కా ఇది! మా చర్చికి ఇట్లాటివే ఎతుకుతాండాం. ఆడోళ్లమంతా దుడ్లు కూడబెట్టినాం. పళ్లేలు గూడా తీసుకుంటాం, కానుకలు పట్టనీకె. గ్లాసులూ పనికొస్తాయి."

"ఈ పొద్దు ఇయ్యలేను నర్సమ్మా. శుక్రారం."

"శుక్రారం లచ్చిమి పోగూడదు, సరే. రాగూడదని యాడన్నా ఉందా?"

డ్యూటీ దిగి వెళ్లి, ఆడవాళ్లందరి డబ్బు తెచ్చి కమలాక్షమ్మ కొంగులో పెట్టింది కృపావరం. వెండి ముట్టుకోలేదు. కాగితం ముక్క రాయించుకోలేదు.

శనివారం ఆపరేషన్ జరిగింది. రంగయ్య కళ్లు తెరిచి, మజ్జిగ కావాలని పేచీ పెట్టాడు. ఆ పేచీ విన్నాకే కమలాక్షమ్మ కృపావరం ఇంటికి బయల్దేరింది. ఉత్త పాత్ర ఇవ్వకూడదని పళ్లేల్లో బియ్యం, గ్లాసుల్లో బెల్లం నింపింది. ఆ గుంతల్లో ఏం నింపాలో తోచక రెండు కొవ్వొత్తులు కొని గుచ్చింది.

"నీ రుణం ఈ జన్మకు తీరదు తల్లీ" అని కమలాక్షమ్మ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "ఒక్క మాట అడుగుతా. నేను చెప్పాపెట్టకుండా వెండెత్తుకోని ఊరికి పోయింటే ఏం జేస్తాంటివి?"

"ఏం జేస్తాం? రంగయ్యన్న లేచి పరిగెత్తేటంత బాగైనాడని చర్చిలో చప్పట్లు కొడతాంటిమి" అంది కృపావరం.

కమలాక్షమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ ఏడు కార్తీకంలో ఆళ్లగడ్డ ఇంట్లో మట్టి ప్రమిదలు పెట్టారు. మొదటిది రంగయ్యే వెలిగించాడు, కృపావరం పేరు చెప్పి.