సంజీవ పొలంలో ముడత

నిర్మలకు రోజు విడిచి రోజు డయాలసిస్. పెద్దవంగర అవతల ఉన్న ఊరి నుంచి మహబూబాబాద్ దవాఖానకు ఆటో ఎక్కి, బస్సు మారి పోయేసరికే మనిషి సగం అయిపోతుంది. సూదులు గుచ్చి రక్తం కడిగి పంపిస్తే, మిగిలిన సగం తిరుగు బస్సులో అయిపోతుంది. మర్నాడంతా పడుకోవడం, ఆ మర్నాడు మళ్లీ బయలుదేరడం. భర్త సంజీవ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్కన కునికిపాట్లు పడుతుంటాడు.

యాసంగి నాట్లు పడ్డాక ఒకనాడు, ఇక పోనని చెప్పేసింది నిర్మల. సూదులకైతే ఓర్చుకుంటానని, ఆ దారికి మాత్రం ఓపిక లేదని అంది. సంజీవ బతిమాలాడు, కూతురు రక్షిత ఏడ్చింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పోకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే భూమి కదిలింది. గిన్నెలు దొర్లాయి, బర్రెలు పలుపులు తెంపుకున్నాయి, జనం వాకిళ్లలోకి ఉరికారు. ఆ నేలకు అది అలవాటే. పగులు ఎక్కడో అడుగున ఉంటుంది, పైకి ఎన్నడూ కనబడదు. లోపల ఒక బండ ఇంకో బండ మీదికి ఎక్కితే పైన నేల చీర కుచ్చిళ్లలా ముడత పడుతుంది, ముడత పడ్డ మేర దారి లోపలికి పోయి దూరం తగ్గుతుంది. వెనకట డోర్నకల్ ఇట్లాగే దగ్గరికి జరిగితే కండక్టర్ మారుమాట లేకుండా టికెట్ తగ్గించి కొట్టాడు. నడుమ ఊళ్లు ఏమయ్యాయని ఎవరూ అడగరు, వాళ్ల దారులు వాళ్లకుంటాయి.

ముడత ఎవరి భూమిలో లేస్తే వాళ్లదే మాట. చదును చేస్తే దూరం మళ్లీ మొదటికొస్తుంది. అందరూ చదునే చేస్తారు. వరి పండించేవాడికి దిబ్బ దేనికి?

ఈసారి అది సంజీవ పొలంలో లేచింది. మడుల్లో నీళ్లన్నీ జారిపోయాయి, నాట్లు వాలిపోయాయి. ఉన్నది ఆ ఒక్క పొలమే. దిబ్బ ఎక్కి చూస్తే అవతల దవాఖాన గేటు, దాని ముందు పండ్ల బండి కనబడుతున్నాయి.

అడగకుండానే పక్క పొలం మహిపాల్ బ్లేడు ట్రాక్టర్ తోలుకొచ్చాడు. ఇయ్యాల చదును చేస్తే మళ్లీ నాటు వేసుకోవచ్చన్నాడు. సంజీవ గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నిర్మల మెల్లగా నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"సదును చెయ్యమను. నేనెట్లాగు ఉండేదాన్ని గాదు. పొలమన్న పిల్లకుంటది."

సంజీవ కండువాతో మొహం తుడుచుకుని లేచాడు.

"బండి మలుపుకో తమ్మీ" అన్నాడు మహిపాల్‌తో. "గిది గిట్లనే ఉండనీ."

వీనికి మతి పోయిందని ఊరు ఊరంతా అనుకుంది. మహిపాల్ ఆ మాట మొహం మీదే అనేసి పోయాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ నడిచే బయలుదేరారు. దిబ్బ మీదికి ఎక్కాక నిర్మల ఆగింది. రెండు వైపులా నాట్లు పసుపుపచ్చగా ఎండుతున్నాయి. ఆయాసం తీరేదాకా వాటినే చూసింది. ఆమెకు కోపమూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది.

"ఇంత పొలం తిన్నంక ఇగ బతకకపోతే ఎట్ల" అని విసుక్కుంటూ దవాఖాన వైపు దిగింది.