కెల్లాఖ్‌కు చేరని కత్తి

నేను ఒక కత్తిని. ఇప్పుడు మీరు ఐర్లండు అని పిలిచే ద్వీపంలో, ఒక సరస్సు అడుగున పడి ఉన్నాను. ఒంటి మీద తుప్పు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి దాచుకోవలసిందీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా కమ్మరి చిత్తడి నేలలోంచి ఇనుము కలిసిన ఎర్రమట్టి తవ్వి తెచ్చి, బొగ్గుల కొలిమిలో కాల్చి, సుత్తితో సాగదీసి నన్ను చేశాడు. పిడికి ఎముక తొడిగాడు. కెల్లాఖ్ అనే ఇరవై ఏళ్ల వీరుడు నా కోసం వస్తే, చటుక్కున చేతికి ఇవ్వకుండా ఆటపట్టించాడు.

"ఇదిగో అల్లుడూ, దీన్ని ఒళ్లో పెట్టుకుని కోతలు కోశావంటే నీ మీదకే తిరుగుతుంది. మీ అమ్మ ముందు కూడా జాగ్రత్త!"

"మా అమ్మ ముందు కోతలు కోస్తే కత్తి దాకా ఎందుకు మామా, ఆమె చూపు చాలు" అని కెల్లాఖ్ నవ్వాడు.

అది వాళ్ల నమ్మకం. యుద్ధం నుంచి వచ్చిన వీరుడు విందులో కత్తిని తొడల మీద పెట్టుకుని తాను చేసిన పని చెప్పాలి. అబద్ధమాడితే కత్తిలో కాపురమున్న దేవత దాన్ని తిప్పి అతడినే పొడుస్తుందట. నాలో ఏ దేవతా ఉన్న జాడ నాకెప్పుడూ తెలియలేదు. ఆ మాట నన్నెవరూ అడగలేదు కూడా.

కెల్లాఖ్ తల్లి పేరు లసైర్. ఆమె ఇంట్లో ఇంకో కొడుకు కూడా పెరిగాడు, ఫియాక్ర. పెద్దింటి పిల్లల్ని వేరే ఇంట్లో పెంచడం అక్కడి ఆనవాయితీ. ఏడేళ్ల వయసులో వచ్చిన ఫియాక్రను ఆమె కన్నకొడుకుతో పాటే ఒకే కంచంలో తినిపించింది.

ఒక వసంతంలో పశువులను తోలుకుపోయే దొంగలు నలుగురు ఏరు దాటుతుంటే అన్నదమ్ములిద్దరూ అడ్డం నిలిచారు. రెండో దెబ్బకే ఫియాక్ర పొదల్లోకి పారిపోయాడు. కెల్లాఖ్ నాతో ఒంటరిగా ముగ్గురిని పడగొట్టాడు. నాలుగోవాడు వెనక నుంచి కెల్లాఖ్ వీపులో దిగేలా ఈటె విసిరి పరుగు తీశాడు. అంతా సద్దుమణిగాక ఫియాక్ర వచ్చి, నా పిడి చుట్టూ చల్లబడిన కెల్లాఖ్ వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు.

ఆ సాయంత్రం విందులో ఎవరో కేకేశారు: "కత్తి ఒళ్లో పెట్టుకుని చెప్పు ఫియాక్రా! చేతిలో తాగే గిన్నె ఉన్నప్పుడు అందరమూ వీరులమే!"

అతడు నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. "కెల్లాఖ్ పారిపోయాడు. దెబ్బ వీపునే ఉంది, మీరే చూడండి. వాడి కత్తి అందుకుని ముగ్గురినీ నేనే చంపాను" అన్నాడు.

అందరూ ఊపిరి బిగబట్టి నా వంక చూశారు. నేను కదలలేదు. ఇనుము ఎలా కదులుతుంది? నేను ఊరుకోవడాన్నే వాళ్లు సాక్ష్యంగా తీసుకున్నారు.

వీరుడు చనిపోతే అతడి కత్తిని నడిమికి వంచి సరస్సులో వేస్తారు. వంచడమంటే కత్తిని చంపడం. అప్పుడే అది యజమాని వెంట నీటి కింది లోకానికి వెళుతుంది. అక్కడ ముసలితనం లేదు. సముద్రదేవుడు మనన్నాన్ పెట్టే విందులో సాయంత్రం తిన్న పంది పొద్దున్నకల్లా లేచి తిరుగుతుంది. కత్తి లేని మగవాడిని మాత్రం గుమ్మం బయటే ఆపేస్తారు. పిరికివాడికి ఎవరూ కత్తి ఇవ్వరు. కెల్లాఖ్‌కు ఇవ్వలేదు.

లసైర్ ఒక్కతే నమ్మలేదు. "మీ ఇద్దరినీ పెంచినదాన్ని. ఎవరు పరిగెడతారో నాకు తెలియదట్రా?" అంది. ఫియాక్ర గోడకేసి చూశాడు.

చలికాలం మొదట్లో సౌయిన్ పండగ వస్తుంది. ఆనాడు దేవతలు కాపురముండే మట్టిదిబ్బలు తెరుచుకుని, పోయినవాళ్లు తమ ఇళ్లకు వచ్చి తిని వెళతారని నమ్మకం. ఏటా ఆమె కొడుక్కి కంచం పెట్టేది. మర్నాడు ఫియాక్ర ఇంటికి వచ్చి అదే మాట చెప్పేది: "ఈసారీ రాలేదురా. బయటే నిలబడి ఉన్నాడు, ఆ చలిలో."

అలా పదకొండేళ్లు గడిచాయి. చివరిసారి వచ్చినప్పుడు ఆమె కర్ర ఊతంతో నడుస్తోంది.

"నీ పరువు నీ దగ్గరే ఉంచుకో నాయనా. నేను పోయేలోపు వాడి కత్తి వాడికిచ్చెయ్. నీళ్ల ఒడ్డున 'ఇది కెల్లాఖ్‌ది' అను, అంతే. ఇంకేమీ చెప్పొద్దు. నేనూ అక్కడికి పోయేదాన్నే కదా. వాడు లేని విందులో నేనేం తింటాను?"

ఫియాక్ర ఏడ్చాడు. "ఇస్తానమ్మా" అన్నాడు. అది దొంగ ఏడుపు కాదు. ఆ కన్నీళ్లు నా మీదే పడ్డాయి, నాకు తెలుసు.

మర్నాడు ఊరంతా సరస్సు ఒడ్డున చేరింది. ఫియాక్ర నన్ను నిప్పుల్లో పెట్టి, రాతికి ఆనించి వంచాడు. ఇక పేరు చెప్పడమే మిగిలింది. నిజం చెప్పడానికే వచ్చాడు పాపం. కానీ పారిపోయినవాడికి కత్తి ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. అన్ని మొహాలు తన వంకే చూస్తున్నాయి. ఫియాక్ర నన్ను పైకెత్తాడు.

"దేవతలారా, ఇది నాది. ఫియాక్ర ఇస్తున్నాడు, తీసుకోండి."

జనం కేరింతలు కొట్టారు. బతికుండగానే కత్తి ఇచ్చేశాడు, ఎంత మనసో అన్నారు. నన్ను విసిరేశాడు. ఏ కత్తినైనా ఒక్కసారే చంపగలరు, ఒక్కరి పేరునే.

నీటి కింద నాకు ఏ గుమ్మమూ కనిపించలేదు. బురద, నాలాగే వంగిన నాలుగైదు కత్తులు, అంతే. గుమ్మం ఉందేమో, కెల్లాఖ్ దాని బయటే ఉన్నాడేమో, నాకు తెలియదు.

అందరూ విందుకు వెళ్లిపోయాక పైన నీళ్లు కదిలాయి. లసైర్ నన్ను వెతుక్కుంటూ దిగింది. "అత్తా, లోతు! వెనక్కి రా!" అని ఒడ్డున ఏదో ఆడగొంతు అరుస్తోంది. ఆమె వినడం లేదు. చలికి కొంకర్లు పోయిన పాదాలతో బురదంతా తడుముతోంది. నెమ్మదిగా నా వైపే వచ్చింది. బొటనవేలు నా పిడికి తగిలింది, కాసేపు అక్కడే ఆగింది.

చెట్టువేరు అనుకుంది కాబోలు. పాదంతో నన్ను పక్కకు నెట్టి, ఇంకో అడుగు లోపలికి వేసింది.