నలుగురూ అవ్ అంటేనే

సాఫ్ట్‌వేర్ అన్న మాటలోనే ‘వేరు’ ఉందని హరిలాల్‌కు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పి ఉంటే తను తయారుచేసినదానికి పోయి పోయి ‘ఉమ్మడి’ అని పేరు పెట్టేవాడు కాదు.

అప్పట్లో, అంటే తొంభై ఎనిమిదిలో, ఖమ్మంలో కంప్యూటర్ సెంటర్ అంటే మూడు మెషీన్లు, పనిచేయని ఒక ఏసీ, చెప్పులు బయట విడవమనే బోర్డు. దేవుడి దగ్గర కూడా అంత భక్తి ఉండేది కాదు. హరిలాల్ అట్లాంటి ఒక సెంటర్‌లో ఇన్‌స్ట్రక్టర్. ఖానాపురం హవేలిలో కిరాయికి ఉండేవాడు. హవేలి అన్నది పేటకే గాని ఆ గదికి కాదు. భార్య ద్వాలి కాళ్లు చాపుకోవాలంటే ఈయన లేచి నిలబడాలి. బహుశా అట్లా నిలబడి ఆలోచించే తెలుగు టైపు చేసే ప్రోగ్రాం రాశాడు. రాసినవాడు అమ్ముకోవాలి గదా! ఊరికే పంచాడు. ప్రోగ్రాం ఒక్కటే కాదు, దాని లోపలి రాత కూడా ఫ్లాపీలో పెట్టి ఇచ్చేవాడు. ఎవరికి ఏది నచ్చకపోతే వాళ్లు అది మార్చుకోవచ్చు.

“కూరతోని పాటు కూర వండే తీరు గూడ ఇస్తున్న” అనేవాడు.

జనం ఆ ఫ్లాపీని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు. “ఫ్రీ అంటున్నడు, ఏదో తిరకాసు ఉంటది” అనేవాళ్లు. ఎన్ని ఫ్లాపీలు పంచాడో అన్నీ ఫ్లాపే.

ముగ్గురు మాత్రం చేయి కలిపారు. భద్రాచలంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే జకర్యా ఒకరు. ఆయన చర్చి పెద్ద కూడా, పాటల పుస్తకాల కోసం దీన్ని పట్టుకున్నాడు, ఒత్తులన్నీ సాపు చేశాడు. వైరాలో జాబ్ టైపింగ్ షాపు పెట్టుకున్న సంపూర్ణ మొండికేసే ప్రింటర్లను దారికి తెచ్చింది. పర్ణశాలలో యాత్రికుల కోసం కరపత్రాలు కొట్టే జంపయ్య తప్పులు పట్టేవాడు. కొత్తగూడెంలో బొగ్గు, జంపయ్య దగ్గర బగ్గు, తవ్వినకొద్దీ దొరికేవి. ఫ్లాపీలు బస్సు కండక్టర్ల చేతుల మీద ఊళ్లు తిరిగేవి. ఒకసారి వైరా ఫ్లాపీతో పాటు వైరస్ దిగింది. “ఊరి పేరు చూసన్న అనుమానపడకపోతిమి” అని జకర్యా అన్నందుకు సంపూర్ణ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. వైరా, వైరస్, వైరం మూడూ ఒకే బస్సులో వచ్చాయన్నమాట.

అయినా ఉమ్మడి నిలిచిందంటే దానికో కట్టడి ఉంది. హరిలాల్ తండ్రి హేమ్లా తమ లంబాడీ తండాకు నాయక్, అంటే పెద్ద. ఆ తండాలో పంచాయితీ కూర్చుంటే చేతులెత్తించి లెక్కపెట్టరు. ఆఖరి మనిషి కూడా అవ్, అంటే అవును, అనేదాకా ఎవరూ లేవరు. ఎవడన్నా బిగుసుకుంటే చుట్ట మీద చుట్ట వెలుగుతుంది గాని వాణ్ని వదిలేసి ముందుకు పోరు. ఆ పద్ధతినే హరిలాల్ ప్రోగ్రాంకూ పెట్టాడు. నలుగురూ అవ్ అంటేనే ఏ మార్పయినా.

“తండాల అందరు ఒక్క దగ్గర ఉంటరు తమ్మీ, మన నడుమ గోదారి ఉన్నది” అన్నాడు జకర్యా.

“గోదారికి బ్రిడ్జి ఉన్నది గదన్నా” అన్నాడు హరిలాల్.

ఆ వానాకాలంలో హరిలాల్‌కు పిలుపు వచ్చింది. తండాల్లో రాత్రిబడులు చూసే ఆఫీసర్ వెంకటరామారావు మనిషి మంచివాడు. లంబాడీ మాటలను తెలుగు అక్షరాల్లో పెట్టి వాచకాలు వేయించాలని ఆయన కోరిక.

“మీది ఫ్రీ కాబట్టి ఏ మండలంలో మెషీన్ ఉంటే అక్కడే టీచర్లు పాఠాలు మార్చుకుంటారు, అచ్చు వేసుకుంటారు. నాకు కావల్సిందదే. కాని మా కొత్త మెషీన్లన్నీ విండోస్. దసరా లోపల మీది విండోస్‌లో నడవాలి. లేదంటే హైదరాబాద్ కంపెనీది కొనేస్తాం” అన్నాడు.

హరిలాల్‌కు నమ్మబుద్ధి కాలేదు. తన మాట, అమ్మ తిట్టే మాట, ద్వాలి పాడే మాట, బడి పుస్తకంలో! విండోస్‌లో నడిచేది హరిలాల్ అప్పటికే రాసిపెట్టాడు కూడా. చిక్కల్లా ఒక్కటే. కొత్తదాంట్లో రాసింది పాతదాంట్లో తెరుచుకోదు. రెండింటినీ సాకే ఓపిక నలుగురికీ లేదు. పాతదాన్ని ఆపాలి. జకర్యా అవ్ అన్నాడు. సంపూర్ణ “ఇంకా అడగాల్నా?” అంది. మిగిలింది జంపయ్య.

ముగ్గురూ పర్ణశాల పోయారు. జంపయ్య గది నిండా కరపత్రాలు, మూలన నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల పాత మెషీన్. విండోస్ అన్నదాన్ని దాని ఏడు తరాల్లో ఏదీ ఎరగదు.

“విండోస్ అంటే కిటికీలంట గదా? నా అర్రకే కిటికీ లేదు, నా కంప్యూటర్‌కు యాడిది?” అన్నాడు జంపయ్య. అందరూ నవ్వారు. జంపయ్య నవ్వలేదు. “కొత్తది దీని మీద నడ్వదు. అంతేనా?”

“నడ్వదన్నా. పాతది నీకు ఉంటది” అన్నాడు హరిలాల్.

“ఉంటది. మీరు రాసింది నాకు తెర్చుకోదు, నేను రాసింది మీకు అక్కర రాదు. గప్పుడు నేను ఎవలతోని ఉమ్మడి? గీ గోడతోనా?”

“మా ఇన్‌స్టిట్యూట్‌కొచ్చి చేస్కో జంపయ్యా, ఎవరొద్దన్నరు?” అన్నాడు జకర్యా.

“బువ్వ ఈడ తిని చెయ్యి భద్రాచలంల కడుక్కోమంటవా?”

సంపూర్ణ ముందుకు జరిగింది. “ఎన్ని తండాలోళ్లు చదువుకుంటరే జంపన్నా! నీ ఒక్కని కోసం ఆపుదమా?”

“ఆపకుండ్రి. నన్ను తీసెయ్యాల్నంటే తీసెయ్యి చెల్లె. కాని తీసెయ్యి అని నా నోటితోనే అనిపియ్యకు.”

జకర్యా, సంపూర్ణ బస్సు చూడటానికి బయటికి పోయారు. హరిలాల్ లేవలేదు. తండా పద్ధతి. జంపయ్య చాయ్ పోశాడు. మళ్లీ పోశాడు.

“నేను అవ్ అనేదాక లెవ్వవా?”

“లెవ్వను.”

“కూసో. నాక్కూడ మాట్లాడేటోళ్లు లేరు.”

మూడో చాయ్ సగంలో ఉండగా హరిలాల్ కప్పు కింద పెట్టేశాడు. తండాలో అవ్ అన్నవాడు తెల్లారి కూడా తండాలోనే ఉంటాడు, అందరితో కలిసి నీళ్లకు పోతాడు. జంపయ్య అవ్ అన్న క్షణాన బయటపడతాడు. తను కూర్చున్నది ఒప్పించడానికి కాదు, వెళ్లగొట్టడానికి. ఆఖరి బస్సు హారన్ కొట్టింది. లేచాడు.

“ఒక్క మాట గదా, అవ్ అన్నడని చెప్పు ఆఫీసర్‌కు” అంది ద్వాలి ఇంట్లో.

“ఆ మాట నాది కాదే.”

“పుస్తకం నీ తండాది గాదా?”

 తెల్లారి హరిలాల్ అంగీ జేబులో కొత్త ఫ్లాపీ పెట్టుకుని ఆఫీసుకు పోయాడు. ప్రోగ్రాం జేబులోనే ఉంది, గుండెకు ఆనుకుని.

“మీరు నలుగురు కదా చేసింది” అన్నాడు వెంకటరామారావు. “నలుగురూ సరేనన్నారా? రేపు ఒకాయన వచ్చి నన్నడగలేదని గొడవ పెడితే నా ఉద్యోగానికొస్తుంది.”

ఆయన కళ్లు హరిలాల్ నోటి మీదే ఉన్నాయి, కాస్త అవునను నాయనా అన్నట్టు.

“ముగ్గురు అన్నరు సార్.”

“నాలుగో ఆయన?”

హరిలాల్ తల అడ్డంగా ఊపాడు. ఆఫీసర్ ఫోన్ దగ్గరికి లాక్కుని, “దసరా నా కోసం ఆగదు హరిలాల్ గారూ” అన్నాడు. కంపెనీకి ఫోన్ చేశాడు.

సంగతి తెలిసి సంపూర్ణ ఫోన్‌లో తిట్టిన తిట్లకు వైరా చెరువు అలలు లేచి ఉంటాయి. “నీ నీతికి నా నెత్తి కొట్టినవు” అంది. ఆమె కొత్త ప్రోగ్రాంను తీసుకుని వేరే పేరు పెట్టుకుంది. జకర్యా తీసుకుని ఇంకో పేరు పెట్టుకున్నాడు. ఎవరైనా తీసుకోవచ్చని చెప్పింది హరిలాలే గదా, ఏమనగలడు? చలికాలానికి వాళ్లిద్దరి ఫైళ్లు కూడా ఒకరివి ఒకరికి తెరుచుకోవడం మానేశాయి. జంపయ్య మెషీన్ ఒకరోజు పచ్చగా వణికి ఆరిపోయింది. బాగుచేసేవాడు దొరక్క దాని మీద కరపత్రాల కట్టలు పేర్చుకున్నాడు.

తండా టీచర్లకు కంపెనీ ప్రోగ్రాం నేర్పే పని హరిలాల్ సెంటర్‌కే వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ ఆయనే. కంపెనీవాళ్లు మెషీన్ వెనకాల అగ్గిపెట్టెంత తాళం ఒకటి బిగించారు. అది ఉంటేనే ప్రోగ్రాం లేస్తుంది.

కారేపల్లి వైపు తండా నుంచి వచ్చిన టీచర్ చాంది పాఠం చదివి మొహం చిట్లించింది. “మా దిక్కు గిట్ల అనం సార్. పిల్లలు నవ్వుతరు. మార్చుకోవచ్చా?”

“ఈడ మార్చొచ్చు.”

“మా మండలం ఆఫీసుల కంప్యూటర్ ఉన్నది. తీస్కపోయి ఆడ మార్చుకుంట, మళ్ల మళ్ల రాకుండ.”

“తీస్కపోరాదమ్మా. తాళం ఒక్కటే ఉన్నది. ఖమ్మంలనే ఉంటది.”

“మరి ఎవరు మారుస్తరు సార్?”

హరిలాల్ తెర మీది పాఠం మూసేశాడు. చాంది సంచి సర్దుకుని, బస్సుకు టైమైందని పోయింది.

తర్వాతి బ్యాచ్ వాళ్లు చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు. తెర మీద ప్రోగ్రాం లేవలేదు. తాళం కొంచెం వదులైనట్టుంది. హరిలాల్ మెషీన్ వెనక్కి వంగి, దాన్ని బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కాడు.