మెడలో కుట్టిన దారి

ఇశ్రాయేలు ఆసుపత్రి నుంచి పెదకూరపాడు చేరిన ఆదివారం ఇంట్లో స్తుతి ప్రార్థన పెట్టుకున్నారు. గొంతులోని స్వరతంతువులు చచ్చుబడి, తెరుచుకోక ఊపిరాడకపోతుంటే, డాక్టర్లు మెడ ముందు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. ఇక ఆయన ఊపిరి ఆ దారినే.

బాలింతకైనా, ఆపరేషనైన మనిషికైనా ఒంట్లోకి గాలి పోకూడదన్నది ఆయన తల్లి ఆదెమ్మ ఎరిగిన వైద్యం. జనం వచ్చే వేళకు కొడుకు మెడకు తువ్వాలు రెండు చుట్లు చుట్టి ముడేసింది. వద్దని ఆయన చేత్తో సైగ చేస్తే, చేతులు రెండూ దుప్పట్లోకి దోపి అంచులు పరుపు కిందికి బిగించింది.

కూతురు మానస పదిమందిలో నోరు విప్పలేని పిల్ల. వంటింట్లోనే ఉండిపోయింది. అందరూ కళ్ళు మూసుకుని పాడుతుండగా టీ పళ్ళెం పట్టుకొచ్చేసరికి నాన్న పెదవులు నీలంగా ఉన్నాయి. దుప్పటి కింద చేతులు కొట్టుకుంటున్నాయి.

పళ్ళెం వదిలేసి తువ్వాలు లాగేసింది. గొట్టం నిండా కఫం గడ్డకట్టింది. కడగడానికి రోజూ తీసే లోపలి సన్న గొట్టం తీసినా గాలి ఆడలేదు. మొత్తం గొట్టాన్నే తీయాలని దాన్ని మెడకు కట్టిన నాడాలు విప్పబోతుంటే పక్కింటి బసవమ్మ చెయ్యి పట్టుకుంది.

"తీశావంటే బొక్క మూసుకుపోయిద్దే. మీ నాయన దక్కడు."

ఆ భయం ఆసుపత్రిలో మానసకూ ఉండేది. అప్పుడు డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. శ్వాసనాళం ముందుగోడను చిన్న తలుపులా కోసి, బయటికి మడిచి, మెడ చర్మానికి కలిపి కుట్టారు. ఆ కుట్లు మానిపోయాయి కూడా. గొట్టం ఊడినా దారి ఉంటుందని, ఏళ్ళ తరబడి నిలవడానికే అలా కుట్టామని ఆవిడ చెప్పింది.

"మూసుకోదు పిన్నీ. చర్మానికి కుట్టేశారు. చెయ్యి తియ్యి," అంది మానస, గుమ్మం దాకా వినబడేలా.

గొట్టం లాగింది. రంధ్రం తెరుచుకునే ఉంది. ఒక పెద్ద దగ్గు, దుప్పటి మీద కఫం ముద్ద, ఆ వెనకే ఈలలా లోపలికి దూసుకుపోయిన గాలి. పెదవులకు రంగు తిరిగింది. ఎవరో స్తోత్రం అన్నారు, తర్వాత ఇల్లంతా అంది.

ఆసుపత్రిలో ఇచ్చిన సంచిలోని కొత్త గొట్టాన్ని మానస రంధ్రంలోకి నిదానంగా జరిపింది. సాఫీగా వెళ్ళింది. నాడాలు కట్టింది. ఆదెమ్మ ఏడుస్తూ తువ్వాలును పొయ్యిలో పడేయబోయింది.

వేలితో గొట్టం మూస్తే గాలి గొంతులోకి మళ్ళి మాట వస్తుందని డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఊపిరి ఆగుతుందేమోనని ఇశ్రాయేలు ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఇప్పుడు కూతురి వంక చూసి వేలు పెట్టాడు.

"దాన్నెందుకమ్మా తగలేస్తావ్? చానా ఆకలిగా ఉంది. అన్నం పెట్టండి."

బొంగురు గొంతే. అయినా వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. మానస కంచం కోసం పరుగెత్తింది.