కుట్టేసిన నోరు

గురువు బొమ్మ నోరు ఎవరో కుట్టేశారు.

హాలు తలుపు తీసిన తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. స్టేజీ నడుమ కొక్కేనికి వేలాడుతోంది ఆ చెక్కబొమ్మ. పై పెదవినీ కింది పెదవినీ కలిపి ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లదారంతో కుట్లు. మాట్లాడించడానికి చేసిన బొమ్మ. సాయంత్రం ఆట ఉంది. టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి.

"అన్నయ్యా!" అని కేకేశాడు.

పక్క గదిలో చిత్రిక చప్పుడు ఆగింది. అన్న వచ్చి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాడు. అతనెప్పుడూ అంతే. అన్నయ్య నోట్లోంచి మాట రావాలంటే పానా పెట్టి తిప్పాలని తమ్ముడి జోకు. ఆ బొమ్మలాట కంపెనీ మొత్తం వాళ్ళిద్దరే. అన్న బొమ్మలు చెక్కుతాడు, తెర వెనక దారాలు లాగుతాడు. తమ్ముడు ఆట రాస్తాడు, అన్ని బొమ్మలకీ తానే గొంతిస్తాడు.

తమ్ముడు ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టరు వచ్చి బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాపుకున్నాడు.

"చచ్చినవాడు లేడు, పోయిన సొత్తు లేదు. ఏమని కేసు పెట్టమంటారు? బొమ్మ మూతి కట్టేశారనా?"

"ఇవాళ బొమ్మకి కుట్టారు సార్. రేపు నాకు కుడతారు."

ఇన్‌స్పెక్టరు ముఖంలో నవ్వు పోయింది. "అసలేముంది మీ ఆటలో?"

"గురువు కౌంటర్లో కూర్చుని భక్తుల మొక్కులకి స్టాంపు వేస్తుంటాడు. ముసలమ్మ వచ్చే చోట జనం కుర్చీల్లోంచి పడిపోయి నవ్వుతారు" అన్నాడు తమ్ముడు, కాస్త గర్వంగానే.

"ఎవరిమీదైనా అనుమానమా?"

తమ్ముడు తటపటాయించాడు. "ఎదురింటి టైలరు... ఆయన దగ్గర హాలు తాళంచెవి ఉంది సార్."

టైలరంటే ఇన్నేళ్ళూ వీళ్ళ బొమ్మలకి బట్టలు కుట్టినవాడే. తమ్ముడు బాబాయ్ అని పిలిచే మనిషి. కొలతలకి వచ్చిపోతుంటాడని తాళంచెవి వీళ్ళే ఇచ్చారు. ఆ బొమ్మకి మూలమైన అసలు గురువుగారి పటానికి దణ్ణం పెట్టుకోనిదే ఆయన కత్తెర పట్టడు. ఈ ఆటలో గురువుకి అంగీ కుట్టమని అడిగితే టేపు తీసి మెడలో వేసుకున్నాడు. "నన్నొదిలెయ్ నాయనా. ఆయన్ని వెక్కిరించే ఆటకి నా చెయ్యి రాదు" అన్నాడు. "నీ చెయ్యి నీది, నా నోరు నాది" అని తమ్ముడు విసురుగా వచ్చేశాడు. బొమ్మకి పాత దుప్పటి ముక్క చుట్టి ఆట మొదలుపెట్టారు. ఆ రోజు గొడవ వీధంతా విన్నది.

మధ్యాహ్నం కాకముందే టైలరుని జీపెక్కించారు. "సాయంత్రం స్టేషన్‌కి వచ్చి ఆయనేనని గట్టిగా చెప్పండి, కోర్టుకి పంపుతాను. చెప్పలేకపోతే వదిలేస్తాను" అని ఇన్‌స్పెక్టరు బొమ్మ ఫొటోలు తీసుకుని వెళ్ళాడు.

జీపు వీధి మలుపు తిరగ్గానే టైలరు భార్య వచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"ఏరా, బాబాయిని లోపల వేయించావంటగా?"

"అనుమానం అని చెప్పాను పిన్నీ, అంతే."

"అంతేనా! షుగరు మనిషి. పొద్దుటి ఇంజెక్షన్ కూడా చేయించుకోలేదు. ఆయనేం చేశాడు? కుట్టనన్నాడు. నీ బొమ్మ నోటికొచ్చినట్టు వాగొచ్చు, మా ఆయన 'కుట్టను' అని ఒక్క మాట అనకూడదా? మాట్లాడే హక్కు నీ చెక్కముక్కలకేనా?"

తమ్ముడి గొంతు లేచింది. "ఆ గురువు మాట విని మా అమ్మ మందులు మానేసింది పిన్నీ. మొక్కుకుంటే చాలన్నారు. ఆ ఏడాది దాటలేదు. అది నలుగురికీ చెప్పుకోకూడదా నేను?"

"చెప్పుకో. ఎవరొద్దన్నారు? మీ అమ్మకి ఆఖరి బట్టలు కుట్టింది ఎవరో అది కూడా చెప్పు."

ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది.

తమ్ముడు కాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత బొమ్మని దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కుట్లు విప్పితే ఆటైనా దక్కుతుంది. కత్తెర పెట్టబోయి ఆగాడు. చెక్క ఎక్కడా చిట్లలేదు. సూది దూరడానికి పెదవుల వెంబడి సన్నటి బెజ్జాలున్నాయి. ముందే డ్రిల్లు పెట్టి వేసినవి. బొమ్మ తల వెనక జుట్టు కింద దాగి ఉండే మూత తీశాడు. దవడని ఆడించే దారం తెగకుండా కొక్కెం నుంచి విప్పి, చుట్టచుట్టి, మెడ లోపల ముడేసి ఉంది.

కోపంతో వచ్చినవాడు బొమ్మని నేలకేసి కొట్టి పోతాడు. వీడెవడో దానికి నొప్పి కలగకుండా పని చేశాడు. ఆ మూత ఉందన్న సంగతి టైలరుకి తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు తాను.

తమ్ముడు బొమ్మని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు. అన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉలి ఉంది కానీ కదలడం లేదు.

"స్టేషన్‌కి వెళ్తున్నాను అన్నయ్యా. టైలరు బాబాయేనని చెప్పమంటావా?"

"వద్దు."

"మరి ఎవరని చెప్పను?"

అన్న ఉలి కింద పెట్టాడు. ఆ తర్వాత అతను మాట్లాడినంత సేపు ఒక్క బిగిన మాట్లాడటం తమ్ముడు ఎన్నడూ వినలేదు.

"నేనేరా. పొద్దున నువ్వు రాకముందు కుట్టాను. నాకా గురువంటే భక్తి లేదు, నీకు తెలుసు. అమ్మ చేత మందులు మానిపించినవాణ్ణి నువ్వు తిడుతుంటే నాకూ కడుపు చల్లగా ఉండేది. కానీ ఆ ముసలమ్మ వస్తుంది చూడు. 'మోకాళ్ళు వంగట్లేదు తండ్రీ, కూర్చునే మొక్కుతున్నా, ఏమనుకోకు, నా పిల్లలిద్దర్నీ విడదియ్యకు' అంటుంది. 'కూర్చుని మొక్కితే సగమే లెక్క, మిగతా సగం పక్క కిటికీలో కట్టు' అంటాడు నీ గురువు. హాలంతా ఘొల్లుమంటుంది. ఆ మొక్కు నువ్వు రాసింది కాదు. ఆస్పత్రి మంచం మీద అమ్మ రోజూ అనుకున్న మాటలు. జనం గురువుని చూసి నవ్వట్లేదురా, అమ్మని చూసి నవ్వుతున్నారు. నువ్వు గొంతిచ్చి ఊరుకుంటావు. ఆ మోకాళ్ళు వంగకుండా దారం బిగపట్టేది నేను. నాతో చెప్పొచ్చుగా అంటావేమో. చెబితే నువ్వు హక్కంటావు. అదీ నిజమే. నీతో వాదించి నేనెప్పుడైనా గెలిచానా? ముసలమ్మ నోరే కుడదామని కూర్చున్నాను. ఆ ముఖం అమ్మది, తలుచుకుంటూ చెక్కాను. నువ్వు పోల్చలేదు. పెదవికి డ్రిల్లు ఆనించాను గానీ పెట్టలేకపోయాను. అందుకని ఆమెకి జవాబు చెప్పేవాడి నోరు కుట్టాను. ఈ ఒక్కరోజు ఆట ఆగితే చాలనుకున్నాను. నువ్వు బాబాయి పేరు చెబుతావని అనుకోలేదు. చెబుతుంటే ఈ గోడ ఇవతల విన్నాను. జీపు వచ్చినప్పుడూ విన్నాను. పిన్ని ఏడుస్తుంటే గుమ్మందాకా వచ్చాను, నేనేనని ఒక్క మాట అనలేక తిరిగొచ్చి ఇక్కడ కూర్చున్నాను. పద, ఇన్‌స్పెక్టరుకీ ఇదే చెబుతాను. బాబాయి ముఖం ఎలా చూడాలో, అదొక్కటే తెలియట్లేదు."