ఖాళీ గుంటలో నీలం

పొద్దున్నే ఎషింబెక్ తెచ్చిన కాచని మీగడను పశువుల పరీక్షశాల ఆడవాళ్ళిద్దరూ పక్కగదిలో రొట్టెకు రాసుకు తిన్నారు. ఇప్పుడతను గుమ్మం బయట టోపీ నలుపుకుంటూ కూర్చున్నాడు. అతని ఆవుల నుంచి తీసిన రక్తం, పరీక్ష చేసే బాత్మా ముందున్న పళ్ళెం గుంటల్లో ఉంది. గుంటలో రంగుమందు వేశాక నీలం తిరిగితే ఆ ఆవుకు ఈడుపు రోగం, అంటే చూడి నిలవనివ్వని అంటురోగం, ఉన్నట్టు. నీళ్ళలా ఉంటే లేనట్టు. రోగమున్న ఆవును కోతకు తోలాల్సిందే.

చూస్తుండగానే గుంటలన్నీ నీలం తిరిగాయి.

బాత్మా గుమ్మం వైపు చూసింది. ఆ మనిషికి ఏం చెప్పాలి? అంతలో ఆమె చూపు పళ్ళెం చివర ఆగింది. ఏ రక్తమూ వెయ్యని ఖాళీ గుంట కూడా నీలంగానే ఉంది. రక్తమే లేనిచోట రోగమెక్కడిది?

రంగుమందు సీసా ఎవరు ముట్టుకున్నారని అడిగింది. పాత్రలు కడుగుతున్న ఊల్కాన్ తడుముకోకుండా చెప్పింది. నిన్న గుంటల్లో వెయ్యగా తొట్టిలో మిగిలింది తిరిగి సీసాలో పోసిందట.

"పారబోస్తే పాపం కదే పిల్లా. కిందపడ్డ రొట్టెముక్కను కళ్ళకద్దుకునేదాన్ని, అంత మందు తూములో పొయ్యమంటావా?"

"గుంటలు తాకిన గొట్టం ఆ తొట్టిలో మునిగిందక్కా, ఆ అంటుతో సీసా మొత్తం చెడింది. నీ పుణ్యమా అని ఆవులన్నీ కోతకు పోయేవి."

ఊల్కాన్ ఆ పాత సీసాను తూములో వంచేసింది.

బాత్మా కొత్త సీసా విప్పి, పరీక్ష మొదటినుంచీ చేసింది. ఈసారి ఖాళీ గుంట నీళ్ళలా నిలిచింది. ఆవుల గుంటలూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చిక్కటి నీలం.

మంద దక్కిందని చెప్పగానే ఎషింబెక్ టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు. రోగమున్న ఆవు చెవిబిళ్ళ అంకె చెప్పేసరికి అతను దిగ్గున లేచాడు.

"అది మా ఇంటి పాడి ఆవమ్మా. మిగతావన్నీ కొండమీద మేతలోనే ఉంటాయి. పిల్లలు తాగేది దాని పాలే." గొంతు తగ్గించాడు. "మీకు తెచ్చిన మీగడా దానిదే."

బాత్మా తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"ఈ రోగం కాచని పాలతో మనుషులకూ అంటుతుంది, పిల్లల్ని ఆసుపత్రికి తీసుకురా అన్నా. మేమూ అక్కడికే వస్తున్నాం."

ఊల్కాన్ పక్కగదిలోని మీగడ గిన్నెవైపు చూసింది. అడుగున చుక్క కూడా మిగల్లేదు. వృథా పోకూడదని చివరి రొట్టెముక్కతో తుడిచి తిన్నది తనే.