ఆయుధపూజ నాడు నాకు పెట్టిన బొట్టు

నేను ఒక క్రికెట్ కార్డుని. పేకముక్కంత కూడా ఉండను గాని, నా గొప్ప నాది. పుట్టింది అచ్చు యంత్రంలో, లోకం చూసింది బబుల్‌గమ్ పొట్లంలోంచి. నా ఒంటి మీద నున్నటి మెరుపు పూత, దాని కింద ఒక వికెట్ కీపర్ బొమ్మ. పాపం, ఆయన బంతులు పట్టింది తక్కువ, అంపైరు వైపు తిరిగి అరిచింది ఎక్కువ. అందుకే అప్పట్లో నన్నెవరూ దాచుకోలేదు. అందుకే ఇప్పుడు నేనెక్కడా దొరకను. మనుషుల తీరే అంత.

నన్ను దాచుకున్నది ఒక్క కాకినాడ వసుంధర. ఆరో తరగతిలో తన కొత్త జామెట్రీ పెట్టె ఇచ్చేసి నన్ను తెచ్చుకుంది. ఇంట్లో వీపు విమానం మోత మోగింది. ఇప్పుడావిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది, అయినా నన్ను ఒకరి చేతికిచ్చేది కాదు. అలాంటిది, కళ్ళజోళ్ళ దుకాణం పురుషోత్తం వెంటపడి బతిమాలితే మెత్తబడింది. అతనూ ఇలాంటి కార్డులు పోగుచేస్తాడు, ఆ సెట్టులో నేనొక్కదాన్నే తక్కువట. ఊళ్ళో ప్రదర్శనలో సెట్టంతా పెట్టుకుని, ఆయుధపూజ సాయంత్రం తిరిగి ఇచ్చేస్తానన్నాడు. "ఈ ప్లాస్టిక్ కవర్లోంచి మాత్రం తీయొద్దండి" అంది వసుంధర. అలాగేనని తల ఊపాడు.

తలే కదా, ఎంతైనా ఊపొచ్చు. ప్రదర్శన అయిపోయింది, ఆయుధపూజ వచ్చింది. ఇచ్చేసేముందు ఒక్క ఫొటో అనుకున్నాడు. కవరు మెరుపు అడ్డొస్తోందని నన్ను బయటికి తీసి, బల్ల మీద పెట్టి, ఫోన్ కోసం లోపలికెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే వచ్చింది వాళ్ళమ్మ కామేశ్వరమ్మ, గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని. అప్పటికే స్కూటరుకి, మిక్సీకి, కుట్టుమిషనుకి, దుకాణం స్క్రూడ్రైవర్లకి బొట్లు పెట్టేసింది. కొడుక్కి ఈ కార్డులంటే ప్రాణం, వీటికి మాత్రం పెట్టొద్దూ అనుకుంది. తడి గంధం, దాని మీద కుంకుమ, వికెట్ కీపర్ నుదుటి మీద చక్కగా దిద్దింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు గర్వంగానే అనిపించింది. తర్వాత చల్లగా తడి తగిలేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పురుషోత్తం వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడావిడకి నా మొహం ఎలా చూపించనమ్మా?" అన్నాడు. ఇంతోటిదానికేనా అని కామేశ్వరమ్మ తడిగుడ్డ తెచ్చింది. అది తగిలితే నేను ఉబ్బి పాడైపోయేదాన్ని. అతను అడ్డుపడి, నన్నెత్తుకుని ముందుగది దుకాణంలో కళ్ళద్దాలు బిగించే బల్ల దగ్గరికి పరిగెత్తాడు.

అక్కడ మాత్రం తొందరపడలేదు. ముందు ఒక పనికిరాని కార్డుకి అలాంటి బొట్టే పెట్టి, దాని మీద మరక తీసి చూసుకున్నాడు. తర్వాత కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ కొస నాకు ఆనించి తడి పీల్చాడు. రుద్దితే ఎరుపు పాకుతుందని రుద్దలేదు. మిగిలింది ఆరాక నన్ను తలకిందులుగా పట్టుకుని మెల్లగా తట్టాడు, రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు, మెత్తటి కుంచెతో పొడి దులిపాడు. చివర్న గుడ్డ కొస మీద నోటి ఆవిరి పట్టించి, మరక అంచు నుంచి మధ్యకి అద్దుకుంటూ, ప్రతి అద్దుకీ కొత్త కొస మార్చుకుంటూ వచ్చాడు. నా మెరుపు పూత నన్ను కాపాడింది. మరక పోయింది. అతను నన్ను మళ్ళీ కవర్లో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు, అదీ ఇంకో గుడ్డతో.

సాయంత్రం వసుంధర వచ్చి నన్ను ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ కనబడలేదు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం నేనూ పురుషోత్తమూ. ఈలోగా కామేశ్వరమ్మ తాంబూలం ఇచ్చి, వసుంధరకి బొట్టు పెట్టింది.

"దీనికీ ఒకటి పెట్టండి పిన్నిగారూ, కవరు మీద" అంది వసుంధర నవ్వుతూ.

"పొద్దున్నే పెట్టానమ్మా. వీడే తుడిచేశాడు."

పురుషోత్తం దాచడం చేతకాక, కవరు తీసిన దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు. వసుంధర నవ్వు ఆగిపోయింది. నన్ను మళ్ళీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. నా గుండె, ఉంటే గింటే, ఆగిపోయేదే.

"మా ఇంట్లో ఇంకో కార్డుందండి" అంది చివరికి. "దాని మీద చిన్నప్పటి ఆవకాయ మరకుంది. శుభ్రం చేయమని ఎవరికీ ఇవ్వడానికి మనసొప్పక అలాగే ఉంచాను. రేపు తెస్తాను, చూస్తారా?"

పురుషోత్తం తల ఊపలేదు. ఈసారి నోరు తెరిచి, చూస్తానండి అన్నాడు.

కామేశ్వరమ్మ కవరు మీద చిన్న బొట్టు పెట్టింది. అది ఇప్పటికీ ఉంది, వసుంధర తుడవలేదు. దాని కింద నేను హాయిగా, పొడిగా ఉన్నాను.